ఎడమ చెయ్యి ఎవరికీ ఇవ్వకు

డాక్టరు ముందు రిపోర్టులు తియ్యలేదు. చెయ్యి చాపమన్నాడు. ఎడమ చెయ్యి.

మోచేతికి పైన రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూసి తెరవమన్నాడు. మణికట్టు నుంచి బొటనవేలి వైపుగా పైకి వేలితో రాస్తూ, మధ్యమధ్య తడుతూ పోయాడు. ముంజేతి లోపలి చర్మం మొద్దుబారి ఉంది. అడ్డంగా, ఒకదాని మీద ఒకటిగా పాత గీతలు. చెట్టును కావలించుకుని ఎక్కేవాళ్ల చేతులకి తప్పని గీతలు అవి.

“ఏం పని చేస్తారు?”

“కొబ్బరికాయలు దింపుతాను బాబూ. పాతికేళ్ల బట్టీ అదే పని.”

“నరాలు బాగున్నాయి” అన్నాడు డాక్టరు.

పక్కనే నిలబడ్డ భార్య ఆ మాటకి ఊపిరి పీల్చుకుంది. నాలుగు నెలలుగా ఆసుపత్రుల్లో ఏ కాగితం చూపించినా పెదవి విరుపే. ఆయన ఒంట్లో ఏదో ఒకటి బాగుందని ఎవరైనా చెప్పడం ఇదే మొదలు.

పట్టీ విప్పి డాక్టరు ఇంకో పరీక్ష చేశాడు. పిడికిలి గట్టిగా బిగించమని, మణికట్టుకి రెండు పక్కలా బొటనవేళ్లతో నొక్కి పట్టాడు. పిడికిలి తెరిస్తే అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. చిటికెనవేలి పక్క వదిలాడు. అటు నుంచి ఎరుపు పాకుతూ వచ్చి అరచెయ్యంతా నిండింది. చేతికి నెత్తురు తెచ్చే ధమనులు మణికట్టు దగ్గర రెండుంటాయి. అందులో ఒకదాన్ని ఆపరేషన్‌కి వాడుకుంటే రెండోది ఒక్కటే చేతిని పోషించగలదా లేదా అని చూసే పరీక్ష అది. ఖర్చు లేదు, మిషను అక్కర్లేదు, అర నిమిషం పని.

“గురువారం పొద్దున్నే రండి. మత్తు ఇవ్వం, చెయ్యి వరకే మొద్దుబారుస్తాం. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. చిన్న ఆపరేషనే.”

ఈ గాథలో మనిషికి ఊరూ పేరూ రాయడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఎదురయ్యే సంగతులను ఒక్క మనిషి మీదుగా చెబుతున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎడమ ముంజేతి మీద ఉబ్బెత్తుగా నరం తేలి కనబడే మనుషులు ఇప్పుడు కొత్త కాదు. చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలు, ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది.

ఉద్దానం అంటే ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటల నీడ. ఇరవై ఏళ్లకు పైగా ఆ పేరు వెంట కిడ్నీ అన్న మాట కూడా అంటుకుంది. 2019లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చిన సర్వే, ఇక్కడి పెద్దల్లో సుమారు 18 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు లేదు. మామూలుగా కిడ్నీని దెబ్బతీసే కారణాలేవీ కనబడవు. భూగర్భ జలంలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ చేసి ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్లలో చెరకు కోసే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. ఎక్కడా ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేకపోయారు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసే బీదవాళ్లనే పట్టుకోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మన కొబ్బరి దింపుడు మనిషికి మొదట కనబడింది నీరసం. చెట్టు సగం ఎక్కేసరికి ఆయాసం. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఎప్పటిలాగే సెలైన్ బాటిలు ఎక్కించాడు. ఒళ్లు నొప్పులకి సూది, మాత్రలు. కాళ్లు నీరుపట్టాక పలాస వెళ్లి నెత్తురు పరీక్ష చేయిస్తే, ఒకటికి అటూఇటూ ఉండాల్సిన క్రియాటినిన్ ఆరు దాటింది.

అక్కడి కిడ్నీ డాక్టరు ఆ రోజే ఒక మాట గట్టిగా చెప్పాడు. “ఈ రోజు నుంచి ఎడమ చెయ్యి ఎవరికీ ఇవ్వకు. నెత్తురు తియ్యాలన్నా, సూది గుచ్చాలన్నా, సెలైన్ పెట్టాలన్నా కుడి చెయ్యే.” ఎందుకో ఆయనకి అప్పుడు తెలియలేదు. అయినా పాటించాడు. ఈ గాథలో అన్నిటికంటే మంచి పని అదేనని నేననుకుంటాను. సూదులు గుచ్చీ గుచ్చీ నరాలు మూసుకుపోయాక ఈ ఆపరేషన్‌కి వచ్చేవాళ్ల చేతుల మీద డాక్టరు వేలు ఎంతసేపు తిరిగినా ఏమీ దొరకదు.

ఆపరేషన్ చేయించుకోమని రెండు నెలల ముందే చెప్పారు. ఈయన వాయిదా వేస్తూ వచ్చాడు. “సెయ్యి కోసినారంటే ఇంక మిషనుకి కట్టీసినట్టే” అని ఊళ్లో మాట. డయాలిసిస్ మొదలయ్యాక చూసుకోవచ్చులే, అందాకా ఎందుకు కోయించుకోవడం అని ఇంటింటా వినబడేదే. కానీ ఆపరేషన్ చేసిన నరం వాడకానికి రావడానికి ఆరు వారాలైనా పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు. అప్పటికి తయారుగా లేకపోతే, ఒంట్లో విషం నిండి ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి మోసుకెళ్లిన రోజున మెడలోనో తొడలోనో గొట్టం పెట్టాల్సి వస్తుంది. ఆ గొట్టం దారినే చీము, చలిజ్వరం. కిడ్నీ కంటే ముందు ఆ జ్వరమే ప్రాణం మీదికి తెస్తుంది. ఆపరేషన్ చిన్నదే. దాన్ని సకాలంలో చేయించుకోవడం, చేయించుకోకపోవడం మధ్య తేడా మాత్రం ప్రాణమంత.

ఈయన్ని ఒప్పించింది డాక్టర్లు కారు. భార్య అన్న. ఆయనకి డయాలిసిస్ జరుగుతూ మూడో ఏడు. ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, చెల్లెలి మొగుడి వేళ్లు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకున్నాడు.

“సూడు ఓపాలి.”

వేళ్ల కింద జుమ్మని మోత. మోటారు నడుస్తున్నప్పుడు బోరు పైపు మీద చెయ్యి వేస్తే తగిలే అదురు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. ఈయన ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాడు.

“నొప్పెట్టదా బావా?”

“ఏటీ నొప్పి లేదు. ఆగిపోతేనే భయం. పొద్దున్న లేవగానే దీన్ని ముట్టుకున్నాకే నాను మొకం కడుక్కుంతాను. నాకు ముందు మెడలో గొట్టం ఎట్టినారు. నెల్లాళ్లు. ఆ బాద నువ్వు పడకు. ఇలగే నడిసి ఎల్లి, నడిసి వొచ్చీ.”

గురువారం మొదటి బస్సుకి ముగ్గురూ బయల్దేరారు. పలాస, టెక్కలి, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం చేరేసరికి ఎండ ముదిరింది. ఆసుపత్రిలో సిస్టరు చేతి ఉంగరం, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తీయించి భార్యకి ఇచ్చింది. చంక దాకా గొరిగి, ఎర్రమందుతో చెయ్యంతా రుద్దింది. బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ చెయ్యి పక్క పలక మీద చాపి, మొహానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. ఆ గుడ్డ పడ్డాక ఆ చెయ్యి ఆయనకి కనబడలేదు.

మొద్దుబారే మందు సూది చురుక్కుమంది. మంట. మూడు నాలుగు చోట్ల. ఆ తర్వాత తాకిడి తెలుస్తోంది కానీ నొప్పి లేదు. ఏదో లాగుతున్నట్టు, వదులుతున్నట్టు. ఈ ఆపరేషన్‌లో కష్టమంతా ఇదే, మెలకువగా ఉండడం. మనిషి మాటలన్నీ వింటుంటాడు. “క్లాంపు”, “కొంచెం పైకి”, “నెత్తురు తుడువు”. ప్రతి మాటకీ ఏదో అయిపోయిందని గుండె జారుతుంది. డాక్టరుకి అది తెలుసు. మాట్లాడిస్తూ ఉన్నాడు.

“ఇప్పుడు రోజుకి ఎన్ని చెట్లు ఎక్కుతావయ్యా?”

“తిత్లీ తరవాత సెట్లెక్కడున్నాయి బాబూ? మా పక్క తోటలకి తోటలు పడిపోనాయి. మళ్లా ఏసినవి ఇప్పుడిప్పుడే కాస్తన్నాయి.”

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్లు కావాలి. చెట్లు మళ్లీ అంది వచ్చేవేళకి ఎక్కే మనిషి ఈ బల్ల మీద ఉన్నాడు.

గుడ్డకి అటువైపు జరుగుతున్న పని ఇది. బొటనవేలి వైపు మణికట్టు పైన రెండంగుళాలకి మించని కోత. అక్కడ చర్మం కింద ఒక సిర, దాని పక్కనే లోతుగా ధమని. సిరని విడదీసి, కింది కొస కట్టేసి, పై కొసని ధమని పక్కన చేసిన చిన్న గాటుకి కుడతారు. గాటు పొడవు ఒక సెంటీమీటరు లోపు. దారం తలవెంట్రుకంత సన్నం. డాక్టరు కళ్లకి భూతద్దాల జోడు పెట్టుకుని ఒక్కో కుట్టూ వేస్తాడు. మొత్తం గంట, గంటన్నర.

ఎందుకిదంతా అంటే, డయాలిసిస్ మిషనుకి నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల నెత్తురు కావాలి. మామూలు సిరలో అంత ప్రవాహం ఉండదు. ధమనిలో ఉంటుంది కానీ అది లోతున ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు దాన్నే పొడిస్తే చెయ్యి దక్కదు. రెంటినీ కలిపితే ధమని జోరు సిరలోకి వస్తుంది. ఆ జోరుకి సిర వారాల్లో లావెక్కి, గోడ గట్టిపడి, సూదికి తట్టుకునేలా తయారవుతుంది. ఆసుపత్రిలో దీన్ని ఫిస్టులా అంటారు.

ఈ ఉపాయం పుట్టక ముందు డయాలిసిస్ ఉన్నా లేనట్టే ఉండేది. నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ 1943లోనే మిషను తయారు చేశాడు. కానీ ప్రతిసారీ ఒక కొత్త నరం కోయాలి, నరాలు అయిపోతే మనిషి పని అయిపోయినట్టే. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ ధమనికీ సిరకీ మధ్య ఒక గొట్టాన్ని చేతి బయటే ఉంచేశాడు. అది ఊడిపోవడం, గడ్డకట్టడం, చీము పట్టడం. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో సిమినో, బ్రెస్చియా అనే డాక్టర్లు, ఆపెల్ అనే సర్జను కలిసి, బయట గొట్టమెందుకు, లోపలే నరానికి నరం కుట్టేస్తే పోలేదా అనుకున్నారు. 1966లో వాళ్లు ఆ సంగతి ప్రచురించారు. సిమినో చదువుకునే రోజుల్లో ఆసుపత్రిలో రోగులకి నెత్తురు తీసే పని చేసినవాడు. వేలి కింద నరం ఎలా పలుకుతుందో ఆ పనిలో తెలుసుకున్నవాడు. మన మనిషి ముంజేతి మీద డాక్టరు వేలు తిరిగిన తీరుకి మూలం అక్కడుంది.

“వదులు” అన్నాడు డాక్టరు. క్లాంపులు తీశారు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. “వచ్చింది” అన్నాడు మళ్లీ.

ఏటి వచ్చిందో కట్టు కట్టాక తెలిసింది. సిస్టరు స్టెతస్కోపు ఆయన చెవుల్లో పెట్టి, రెండో కొస కట్టుకి పైన ఆనించింది. ఝుయ్, ఝుయ్ మని ఆగకుండా హోరు. తన ఒంట్లోంచి అంత చప్పుడు వస్తోందని నమ్మలేక, భార్యని పిలిచి ఆమె చెవుల్లో పెట్టించాడు. ఆమె కాసేపు విని, “ఓలమ్మో, రైలు ఎల్తన్నట్టు ఉన్నాది” అంది. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లతో కట్టు అంచు సర్దింది.

సాయంత్రం పంపించే ముందు జాగ్రత్తలు చెప్పారు. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. వాచీ, కంకణం, బిగుతు చొక్కా చేతులు వద్దు. ఆ చేతికి బీపీ కట్టనివ్వకూడదు. రోజూ పొద్దున్నా రాత్రీ వేళ్లతో తాకి మోత చూసుకోవాలి. ఆగిందనిపిస్తే తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే రావాలి. కుట్లు మానాక రబ్బరు బంతి పిసుకుతూ ఉండాలి. బరువులు ఎత్తకూడదు.

“సెట్టు ఎక్కొచ్చా బాబూ?”

“ఆ చేత్తో చెట్టు పట్టుకోకూడదు.”

“మరి ఒంటి సేత్తో ఎలగెక్కడం?”

డాక్టరు కాసేపు ఆగి, “ఇంక ఎక్కొద్దు” అన్నాడు. తర్వాత ఇంకోటి చెప్పాల్సి వచ్చింది. కొబ్బరినీళ్లు తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోగలదు. జీవితమంతా కొబ్బరి చెట్ల మీద గడిపినవాడికి అదే రోజు చెట్టూ దూరమైంది, బొండమూ దూరమైంది. చిన్న ఆపరేషన్ అన్న మాట ఆసుపత్రి రిజిస్టరులో నిజమే. ఆయన ఇంటి లెక్కలో కాదు. ఎక్కేవాడికి రోజుకి దొరికే కూలి ఆ సాయంత్రంతో ఆగిపోయింది. 2019 నుంచి డయాలిసిస్ రోగులకి ప్రభుత్వం నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. కానీ చెయ్యి కోయించుకుని, పని మానేసి, మిషను ఇంకా ఎక్కని ఈ మధ్య నెలల్లో కూలి లేదు. ముందుగా చేయించుకోమని చెబుతున్నప్పుడు ఆ నెలలు ఇల్లు ఎలా గడవాలో కూడా ఎవరో ఒకరు చూడాలి. వాయిదాలకి భయం ఒక్కటే కారణం కాదు.

ఆరు వారాల్లో నరం లేచింది. అందరికీ అలా లేవదు. కొందరికి గడ్డకట్టి ఆగిపోతుంది, మళ్లీ మోచేతి దగ్గర చెయ్యాలి. ఈయనకి మాత్రం డాక్టరు అన్నట్టే నరాలు బాగున్నాయి. పాతికేళ్లు చెట్టు ఎక్కిన చెయ్యి కదా. మధ్యలో ఊళ్లోకి వైద్య శిబిరం వచ్చింది. తెల్లకోటు కుర్రాడు బీపీ పట్టీ ఎడమ చేతికి చుట్టబోతే, ఈయన చెయ్యి వెనక్కి లాక్కుని కుడి చెయ్యి చాపాడు. కుర్రాడు ఎందుకని అడిగితే చొక్కా చెయ్యి పైకి జరిపి చూపించాడు.

అయిదో నెలలో క్రియాటినిన్ తొమ్మిది దాటింది, అన్నం సయించడం మానేసింది. డయాలిసిస్ మొదలు పెట్టాలన్నారు. ఒకప్పుడు దీనికోసం విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు సోంపేట, పలాస, టెక్కలిలో కేంద్రాలున్నాయి. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం ఊళ్లకి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజు ప్రారంభమైంది.

బావే వెంట తీసుకెళ్లాడు. ఈయన నడిచి వెళ్లాడు. మెడలో గొట్టం లేదు. టెక్నీషియను మోత తాకి చూసి, రెండు సూదులు గుచ్చాడు. లావాటి సూదులు, మొదటిసారి గట్టిగానే నొప్పి పెట్టింది. ఎర్ర క్లిప్పు గొట్టంలోంచి నెత్తురు మిషనుకి పోయింది, నీలం క్లిప్పు గొట్టంలోంచి తిరిగి వచ్చింది. చెయ్యి కదపకుండా నాలుగు గంటలు. కాసేపటికి భయం తగ్గి, మిషను వెనక గోడలోంచి వస్తున్న పైపు మీద చూపు పడింది.

“ఆ పైపులో ఏటొస్తాది బాబూ?”

“నీళ్లన్నా. వెనకాల ఫిల్టరు ప్లాంటు ఉంది. మీ ఒక్కళ్లకే ఈ నాలుగు గంటల్లో 120 లీటర్లు కావాలి.”

“నూట ఇరవయ్యే!” ఆయన లెక్క కట్టుకున్నాడు. “ఆరు టిన్నులు. మా ఇంట్లో అందరికీ ఆరు రోజుల తాగే నీళ్లు.”

“మీరు మాత్రం రోజుకి లీటరు దాటకూడదు. గుర్తుంచుకోండి.”

పక్క మంచం మీద బావ నవ్వాడు. “అది కష్టమే గాని అలవాటైపోద్ది. సుక్కోరం మాత్రం మొదటి బస్సుకే వొచ్చీ. ఆలీసమైతే ఈ ఫ్యాను కింద మంచం మనకి దొరకదు.”